గురువారం, పన్నెండో గది

మార్చి ముప్పై ఒకటి అర్ధరాత్రి
కంపెనీ తాళం వేసుకుని వెళ్లిపోయింది.
లోపల మా పదకొండేళ్ల తేదీలు:
ప్రాక్టికల్స్, వైవాలు, సెనేట్ సమావేశాలు,
తుఫానుకి వాయిదా పడిన సప్లిమెంటరీలు.
లైసెన్సు పొడిగిస్తే తెరుస్తామన్నారు.
మన పెళ్లిరోజు మనకి చెప్పడానికి
ఎవరో కిరాయి అడిగినట్టు.

పొద్దున్న సిరిపురం మలుపు దాటి
చెమటతో గుట్ట ఎక్కి వచ్చేసరికి
సెమినార్ హాలు ముందు ఇద్దరు ప్రొఫెసర్లు,
ఇద్దరివీ అవే పది గంటలు.
మెట్ల మీద మెరైన్ బయాలజీ మెహరున్నీసా గారు,
బకెట్లూ వలలూ పట్టుకున్న పిల్లలు,
రాని బస్సు.
"ఋషికొండలో ఆటు ఎనిమిదింటికే అయిపోయింది.
సముద్రాన్ని వాయిదా వెయ్యలేం కదా" అని నవ్వింది,
కోపంగా.

అప్పుడు తవిటినాయుడు
బీరువా కింద నుంచి లాగాడు
ఎర్రగుడ్డ అట్ట రిజిస్టరు.
కంప్యూటరొచ్చాక రాయొద్దన్నారు.
రాస్తూనే ఉన్నాడు,
పెన్సిలుతో. తేదీకి సిరా నప్పదంటాడు.
సున్నా చుడితే ఖాయం,
అడ్డగీత పడితే రద్దు,
సగం చందమామ ఉంటే ఇంకా అడగాలి.
తోటమాలికి తెలుసు, క్యాంటీన్ కుర్రాడికి తెలుసు,
వీసీ గారి డ్రైవరుకీ తెలుసు.
గోడ మీద పాల లెక్కలా
చూసినవాళ్లందరిదీ ఆ రాత.

నేను చేసింది కొత్తేమీ కాదు.
ఎక్కడెక్కడివాళ్లో కూర్చుని ఒప్పుకున్న మాటలు,
ఎవరి సొత్తూ కానివి:
ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు,
ఇది ప్రతి వారం, ఆ ఒక్క వారం తప్ప.
ఏ ఫోనైనా చదువుకుంటుంది.
రేపు అన్ని కంపెనీలూ మూతపడ్డా
నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మనిషి కంటికే అర్థమవుతుంది.
ఆ వేసవి రెండు నెలలూ
సగం చందమామల్ని టైపు చేశాను,
ఫ్యాను గాలికి పేజీలు ఎగరకుండా
ఆయన గంట కొట్టే కొయ్యసుత్తి బరువు పెట్టి.

ఏ సంవత్సరం తిప్పినా ఒకటి తగిలేది:
గురువారం, నాలుగు గంటలు, పన్నెండో గది.
సున్నా చుట్టి ఉంది. పేరు లేదు.
ఇరవై రెండేళ్లు.
అడ్డగీతలు రెండే:
హుద్‌హుద్‌కి అద్దాలన్నీ పోయిన వారం,
మనవరాలు పుట్టిన వారం.

"ఇదెవరిది, నాయుడు గారూ?"
గోడ వైపు చూశాడు.
"నాదేనమ్మా."
"ఏముంటుంది ఆ గంటలో?"
"ఏటీ నేదమ్మా. ఓడలు సూత్తాను.
వంతు వచ్చీదాకా బయటే ఆగుంటాయి కదా,
కేకలెయ్యవు."

ఆ గది కిటికీలోంచి
డాల్ఫిన్స్ నోస్ భుజం పక్కన
ఓడలు లంగరేసి నిలబడే నీళ్లు కనిపిస్తాయని
ఆరేళ్లుగా అదే అంతస్తులో ఉండి
నాకు తెలీదు.

ఆ ప్రమాణంలో ఒక మర్యాద ఉంది.
బయటివాళ్లు అడిగితే
ఖాళీ ఉందో లేదో చెబుతుంది,
ఎందుకో చెప్పదు.

జూన్ ముప్పైన ఆయన రిటైరయ్యాడు.
శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు.
ముగింపు తేదీ దగ్గర నేనేమీ రాయలేదు.
రాయకపోవడం తప్పు కాదు, నియమం ప్రకారం;
అది సాగుతుంది, అంతే.

ఆగస్టులో స్టాటిస్టిక్స్ కొత్త లెక్చరరు
ఫోను చూపిస్తూ వచ్చాడు.
"గురువారాలు ఈ గది ఎప్పుడూ బిజీ అంటోంది మేడమ్,
బగ్గేమో చూడండి."
చూస్తానన్నాను.
నాలుగింటికి వెళ్లాను.

బయట వానలో ఏడు ఓడలు,
బారులు తీరి కాదు, ఎటుపడితే అటు తిరిగి.
లోపల ఎవరూ లేరు.
కిటికీ పక్క బెంచీ మీద
అప్పుడే చెక్కిన పెన్సిలు పొట్టు.